వెనక సీటు సాక్ష్యం

కాఫీ డబ్బాలోంచి ఒడెల్ గారు ముందు నా పేరున్న చీటీ తీశారు. దాని వెంటనే రాయిస్ టిడ్‌మోర్ చీటీ తీశారు. రెండూ పక్కపక్కన పట్టుకుని, కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ చూశారు. ఎరల కొట్టులో కూర్చున్న మగాళ్లంతా గప్‌చుప్ అయిపోయారు. కాసేపటికి కూల్‌డ్రింకుల పెట్టె దగ్గర ఎవడో కిసుక్కున నవ్వాడు.

"రేపు పైనీ బెండ్ చెరువులో చేపలు పడతాయో లేదో గానీ, ఒక శవం మాత్రం తేలుద్ది," అన్నాడు ఇంకొకడు.

మా చేపల క్లబ్బు పందెంలో ఒకసారి చీటీ పడితే మార్చుకోవడం ఉండదు. బోటు ఉన్నవాళ్లు ముందు నిలబడతారు, లేనివాళ్లు వెనక సీటు. నాన్న బోటు అమ్మేశాక నాది వెనక సీటే. ఎవరి వెనక అన్నది ఆ కాఫీ డబ్బా చెబుతుంది. కొట్టు ఒడెల్ గారిది, పందెం రోజు కాటా దగ్గర నిలబడేదీ ఆయనే. నన్ను పక్కకు పిలిచారు.

"వెల్డా, ఒంట్లో బాగాలేదని చెప్పి ఇంటిపట్టున ఉండిపోమ్మా. ఎవరూ ఏమీ అనుకోరు."

"నా ఒంటికేమండీ, రాయిలా ఉన్నాను. ఆయన్నే ఒళ్లు దగ్గర పెట్టుకోమనండి," అన్నాను, రాయిస్‌కు వినపడేలా.

రాయిస్ వినపడనట్టు ఎరల డబ్బాలు సర్దుకున్నాడు. డెబ్బై దాటినా వెన్ను వంగలేదు. నాలిక కూడా వంగలేదు.

ఆ కొట్టు గోడమీద మా నాన్న హోలిస్ పట్టిన చేపను ఊక కూరి బిగించారు. పన్నెండు పౌండ్ల పైచిలుకు బాస్ చేప, నోరు తెరుచుకుని. దాని కింద చెక్కమీద నాన్న పేరు. క్లబ్బు పుట్టాక అంతకంటే పెద్దది ఎవరూ తేలేదు. వసంతంలో నీళ్లు వెచ్చబడేసరికి బాస్ చేపలు లోతుల్లోంచి ఒడ్డుకు వచ్చి, తోకతో గులకరాళ్లు ఊడ్చి, పళ్లెమంత గూడు చేసి గుడ్లు పెడతాయి. మోకాలి లోతు నీళ్లలో చేప కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. కనిపించే చేపను పొట్టలోనో తోకలోనో గాలంతో గుచ్చి లాగెయ్యడం ఏ వెధవకైనా చేతనవుతుంది. అందుకని మా క్లబ్బులో ఒక నియమం ఉంది. రికార్డు చేపకు గాలం నోటి లోపలే తగిలి ఉండాలి. తగిలిందని ఆ బోటులో ఉన్న రెండో మనిషి కాటా పక్కన నిలబడి అందరూ వినేలా చెప్పాలి.

నాన్న చేపకు ఆ సాక్ష్యం చెప్పింది రాయిస్. వలతో ఎత్తినదీ ఆయనే. అప్పట్లో మా ఇంట్లో మనిషిలా తిరిగేవాడు. నేను ఆయన్ని బాబాయ్ అనేదాన్ని.

నాన్న పోయాక, సమాధిమీద మట్టి ఇంకా ఆరకుండానే, చర్చివాళ్లు చేపల వేపుడు విందు పెట్టారు. అక్కడ రాయిస్ క్యాట్‌ఫిష్ ముక్క నములుతూ పది మందిలో ఒక మాట వదిలాడు. "హోలిస్ చేపకి గాలం దవడ బయట గుచ్చుకుంది. ఆ ఏడే పెళ్లాం పోయి ఉన్నాడు కదా, పోనీలే పాపం, లోపలే ఉందని అనేశా."

చచ్చినవాడు లేచొచ్చి కాదనలేడు. రికార్డు తియ్యడానికీ లేదు, ఎందుకంటే మొదట చెప్పిన సాక్ష్యమే చెల్లుతుంది. కానీ ఆ రోజునుంచి మా క్లబ్బులో అనుమానమున్న ప్రతి చేపకూ "హోలిస్ చేప" అని పేరు పడింది. కొలత చాలనిదాన్ని తొట్టిలో దాచినా హోలిస్ చేపే, దుకాణంలో కొన్నదాన్ని పట్టానని చెప్పినా హోలిస్ చేపే. నా మొహం మీద ఎవరూ అనరు. నేను కొట్టు తలుపు తీసేసరికి నవ్వు ఆగిపోతుంది, అంతే. అబద్ధమంటే తెలియని మనిషి పేరు వెధవల నోళ్లలో అలా నలుగుతుంటే నాకు కడుపు రగిలిపోయేది.

నాకు కావలసింది ఒక్కటే. ఆ నోటితోనే, ఆ జనం ముందే, మా నాన్న చేపకు గాలం లోపల ఉందని రాయిస్ చెప్పాలి. ఇన్నేళ్లుగా ఆ కొట్టు గడప తొక్కుతున్నది దానికోసమే.

తెల్లవారి రేవుకు రెండు అరటిపళ్లు పట్టుకెళ్లాను. బోటులో అరటిపండు ఉంటే చేప పడదని మా వైపు మగాళ్ల పిచ్చి. ఇంజన్ చెడినా, వాన పడినా ముందు అరటిపండు కోసమే వెతుకుతారు.

"చేతిలో ఏంటది?" అన్నాడు రాయిస్.

"ఫలహారం."

"అది బోటెక్కితే నువ్వు ఎక్కవు."

"చీటీలో అరటిపండు ఊసు లేదే."

నా చేతిలోంచి లాక్కుని నీళ్లలోకి గిరాటేశాడు. నేను వెనక సీట్లో సర్దుకుని కూర్చుని, సంచీలోంచి రెండోది తీసి ఒలుచుకుని, ఆయన మొహమే చూస్తూ తిన్నాను. తొక్క ఆయన కూర్చునే సీటు కింద దోపాను. ఆయన చూశాడు. అప్పటికే బయలుదేరమని కేక వేశారు, ఆగి వెతికే వీల్లేదు.

"నీలాంటి ఆడదాన్ని కన్నందుకే హోలిస్ అంత త్వరగా పోయాడు," అన్నాడు ఇంజన్ మోతలో.

"నీలాంటివాణ్ణి ఇంట్లోకి రానిచ్చినందుకు," అన్నాను.

బోటు ముందు నిలబడేవాడు చిన్న మోటారును కాలితో తొక్కుతూ ఎటు కావాలంటే అటు తిప్పుతాడు. మర్యాద తెలిసినవాడైతే వెనక ఉన్నవాళ్లకూ ఒక పక్క ఒడ్డు అందేలా తిప్పుతాడు. రాయిస్ పొద్దంతా బోటు ముక్కు ఒడ్డుకు పెట్టి నడిపాడు. ప్రతి మొద్దూ, ప్రతి తుంగగుబురూ ముందు ఆయనదే. నాకు మిగిలింది ఆయన ఎంగిలి నీళ్లు, లేదంటే నడి చెరువు. ఆ ఎంగిలి నీళ్లలోంచే ఒక మంచి చేపను లాగాను. వల అందుకోకుండా వెనక్కి తిరిగి చూస్తూ నిలబడ్డాడు. నేనే దవడ పట్టుకుని ఎత్తుకున్నాను.

"నువ్వు ఊడ్చి వదిలేసిన చోటే," అన్నాను. "చీపురు సరిగ్గా పట్టడం రాలేదా?"

"గుడ్డి చేప తగిలుంటుంది."

"మా నాన్న బోటులో వెనక కూర్చున్నన్నాళ్లూ నువ్వు పట్టినవన్నీ అవే."

ఆయన మెడ ఎర్రబడింది. నన్ను ఎన్ని తిట్టినా, నేను ఎన్ని తిట్టినా చలించని మనిషికి నాన్న మాట ఎత్తగానే చెవులకింద రక్తం ఎక్కుతోంది. ఆ ఉదయం అది మూడు నాలుగుసార్లు చూశాను. చూసి ఊరుకున్నాను.

ఎండ పైకొచ్చేసరికి నీళ్లలో చెయ్యి పెడితే మొన్నటి చలి కొరుకుడు లేదు. ఒడ్డున డాగ్‌వుడ్ పూలు తెల్లగా విచ్చి ఉన్నాయి. ఒక వాగు చివర, పడిపోయిన పైన్ చెట్టు మొదట్లో రాయిస్ చటుక్కున మోటారు ఆపాడు. నేనూ నల్లద్దాలు సర్దుకుని చూశాను. గులకరాళ్లమీద శుభ్రంగా ఊడ్చిన గుండ్రటి గూడు. దానిమీద ఒక నల్లటి మొద్దు. ఆ మొద్దుకు రెక్క కదిలింది.

అది గోడమీద చేపకంటే పెద్దది.

గూటిమీద ఉన్న చేపకు ఆకలి ఉండదు. తిండి చూపించి దాన్ని మోసం చెయ్యలేం. కోపం తెప్పించాలి. తెల్లటి రబ్బరు బల్లిని గాలానికి గుచ్చి గూట్లో వేస్తాం, బల్లి గుడ్లు తినే దొంగ కాబట్టి. చేప మొదట పక్కకు తప్పుకుంటుంది. తర్వాత మూతితో నెడుతుంది. తర్వాత తోక పట్టుకుని అవతల పారేస్తుంది. అప్పుడు లాగితే గాలం ఉత్తినే వస్తుంది. కానీ గూట్లో ఎక్కడో అరచెయ్యంత చోటు ఒకటి ఉంటుంది. సరిగ్గా అక్కడ ఎర పడితే చేప తల వంచి ఒళ్లంతా వణికిస్తుంది. ఆ చోటు దొరికాక ఇంకెక్కడా వెయ్యకూడదు. మళ్లీ మళ్లీ అక్కడే. ఇక భరించలేక నోరు తెరిచి మొత్తం మింగుతుంది, తెల్ల బల్లి కంటికి కనిపించకుండా పోతుంది. లాగాల్సింది అప్పుడు. ఇది నాకు నేర్పింది నాన్న. రాయిస్‌కు నేర్పిందీ నాన్నే.

రాయిస్ చాలాసేపు వేశాడు. చేప తప్పుకుంది, నెట్టింది, పారేసింది. ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయింది. నేను వెనక కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్నాను.

"మా నాన్నయితే ఈపాటికి కాటా దగ్గరుండేవాడు," అన్నాను.

"నోరు మూస్తావా, ముయ్యవా?"

"బల్లి బెదిరిపోతోందా నా నోటికి?"

ఒక్కసారి బల్లి గూటి ఇవతలి అంచున, చిన్న వేరు పక్కన పడింది. చేప తల కిందికి పెట్టి వణికింది. రాయిస్ భుజాలు బిగుసుకున్నాయి. నేనూ ఒలవడం మానేశాను. మళ్లీ అక్కడే వేశాడు. మళ్లీ అక్కడే. తెల్ల బల్లి మాయమైంది.

"వల! వల!" అని అరిచాడు.

వల నా పక్కనే ఉంది. ఒక్క క్షణం దాన్ని చూస్తూ కూర్చున్నాను. పొద్దున ఆయన వల అందుకోలేదని గుర్తొచ్చింది. అయినా లేచాను. పగవాడి చేపకైనా వల పట్టాల్సిందేనని నాన్న అనేవాడు, పట్టనివాణ్ణి నాన్న మనిషి కింద లెక్కవేసేవాడు కాదు. బోటు పక్కకు రాగానే వల కిందనుంచి పెట్టి రెండు చేతులతో ఎత్తాను. చేప నోరు బాగా తెరుచుకుంది. గాలం లోపలే ఉంది, ఎడమ మూల, గట్టిగా. స్పష్టంగా చూశాను. చూసిన మరుక్షణం దారం వదులై గాలం ఊడి వలలో పడింది. ఫొటో తియ్యడానికి కూడా ఏమీ మిగల్లేదు.

రాయిస్ చిన్నపిల్లాడిలా కేకలు పెట్టాడు. చేపను గుండెలకు ఆనించుకున్నాడు. ఆ తర్వాత తలెత్తి నా మొహం చూశాడు. సాక్షి ఎవరో అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు.

"చూశావుగా?" అన్నాడు నెమ్మదిగా.

"ఏం చూడాలి?"

"గాలం. లోపలే ఉంది."

"ఎండ కళ్లలో కొట్టింది," అన్నాను.

ఆయన చేపను బోటులోని నీళ్ల తొట్టిలో వదిలి, ఇంజన్ తిప్పాడు. నడి చెరువులో ఇంజన్ ఆపేశాడు. అలలు బోటును ఊపుతున్నాయి, తొట్టిలో చేప తోకతో దబదబ కొడుతోంది.

"వెల్డా, ఒక బేరం. నువ్వు లోపలే ఉందని చెప్పు. నేను హోలిస్‌దీ లోపలే ఉందని చెప్తా. చెల్లుకు చెల్లు."

"ఉందా?"

"ఏది?"

"మా నాన్న చేపకి గాలం. లోపల ఉందా, బయట ఉందా?"

నీళ్లకేసి చూశాడు. "అంత పాత సంగతి ఎవడికి గుర్తుంటుంది?"

"విందులో ముక్క నములుతూ బాగానే గుర్తు తెచ్చుకున్నావుగా."

"ఒకప్పుడు నన్ను బాబాయ్ అనేదానివి."

"ఒకప్పుడు చాలా తెలివితక్కువదాన్ని. రేవుకు పోనీ."

బేరంలో వచ్చిన మాట నాకెందుకు? ఇద్దరూ కూడబలుక్కున్నారంటారు. ఒకటి కాదు, రెండు హోలిస్ చేపలు అని రేపట్నుంచి నవ్వుతారు. దానికంటే ఆయన నోరు మూసుకుని ఉండడమే నయం. ఆ నోరు తెరవాలంటే ఆశ చూపించి లాభం లేదని దారి పొడుగునా అనుకుంటూనే ఉన్నాను.

రేవులో కాటా చుట్టూ క్లబ్బంతా మూగింది. ఒడెల్ గారు నీళ్ల సంచీలోంచి చేపను ఎత్తి కాటాలో పెట్టి, సూది నిలిచేదాకా చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. పదమూడు పౌండ్లు దాటింది. జనం ఈలలు వేశారు. రాయిస్ మాత్రం నవ్వలేదు.

"సాక్షి ముందుకు రండి," అన్నారు ఒడెల్ గారు. ఈలలు ఆగిపోయాయి.

కాటా పక్కన నిలబడ్డాను. తొందరపడలేదు.

"చేప పెద్దదేనండీ," అన్నాను. "ఆయన చేతులు ఒకటే వణుకు. ముసలాయన కదా."

రాయిస్ కదల్లేదు.

"గాలం సంగతి చెప్పమ్మా," అన్నారు ఒడెల్ గారు.

"చెప్తానండీ. మా నాన్న పక్కన కూర్చుని నేర్చుకున్నాడు కాబట్టి, ఏదో పట్టాడు."

రాయిస్ చెవులకింద ఎరుపెక్కింది. చోటు దొరికింది. ఇక అక్కడే వేశాను.

"మా నాన్న సంగతి ఈయన చెప్పాడు కదా, ఈయన సంగతి నేను చెప్తా. ఈ ఏడే పెళ్లాం జూనెల్ వదిలేసి పెన్సకోలాలో చెల్లెలింటికి పోయింది. ఒంటరివాడు. మనసు బాగాలేదు. అందుకని, పోనీలే పాపం, గాలం లోపలే ఉందని అనేస్తున్నా."

ఆ మాటలు ఎవరివో అక్కడ అందరికీ తెలుసు. వెనకనుంచి ఎవడో "ఇంకో హోలిస్ చేప!" అని అరిచాడు. రేవంతా గొల్లుమంది. ఒడెల్ గారు కూడా నవ్వు ఆపుకోలేక తల తిప్పుకున్నారు.

"అనేస్తావా?" రాయిస్ నా మీదికి వచ్చాడు. మొహమంతా కందగడ్డ అయింది. "కళ్లారా చూశావు! వల పట్టింది నువ్వు! ఎడమ మూల, నోటి లోపల, అంత బాగా చూసి, జాలిపడి చెప్తున్నానంటావా? నలుగురిలో నా పరువు తీస్తావే, నేను హోలిస్‌ది తీసినట్టు..."

నోరు తెరిచే ఉంది. మాట మాత్రం ఆగిపోయింది.

నవ్వులు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

"మా నాన్నని ఏం చేశావు?" అన్నాను. గొంతు పెంచలేదు, పట్టు వదల్లేదు.

ఆయన అటూ ఇటూ చూశాడు. ఎవరూ పక్కకు తప్పుకోలేదు. "చేప చచ్చిపోతుంది, ఒడెల్," అన్నాడు.

ఒడెల్ గారు చేపను నీళ్ల సంచీలోకి దించి, సంచీ మూతి పట్టుకుని నిలబడ్డారు. "అయితే త్వరగా చెప్పు. హోలిస్ చేపకి గాలం ఎక్కడుంది?"

రాయిస్ సంచీలో చేపకేసి చూశాడు.

"లోపలే," అన్నాడు రాయిస్. "పై దవడలో. నా చేతులతో నేనే ఊడదీశా." ఆ తర్వాత ఎవరూ అడగకుండానే, "ఆ గూడు ముందు చూసింది నేను. గోడమీద పేరేమో హోలిస్‌ది. రోజూ ఆ కొట్టుకెళ్లి దాన్ని చూడాలి," అన్నాడు.

ఇన్నేళ్లు నవ్వినవాళ్లంతా బూట్లు చూసుకుంటున్నారు. నాకు సంతోషం కలగలేదు. ఇంత చిన్న కుళ్లుకు, గూడు ముందెవరు చూశారన్నదానికి, మా నాన్న పేరును మురికిలో ఈడ్చాడు. ఆ మాట చెప్పించాక చల్లారుతుందనుకున్న మంట చల్లారనే లేదు.

కాటామీద చెయ్యి పెట్టాను.

"ఇప్పుడు నా సాక్ష్యం వినండి. రాయిస్ టిడ్‌మోర్ చేపకి గాలం నోటి లోపలే ఉంది, ఎడమ మూల. నా కళ్లతో చూశాను. ఇవాళ ఈయన మొహం మీద చెప్తున్నా. ఈయన పోయాక విందులో వేపుడు తింటూ అడిగినా ఇదే చెప్తా."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒడెల్ గారు చేపను నీళ్లలో వదిలారు. అది కాసేపు రేవు మెట్ల పక్కనే నిలబడి, తోక ఒక్కసారి విదిలించి లోతుకు పోయింది.

కొత్త రికార్డు వస్తే పాత పేరు దిగాలి. కొట్టులోకి వెళ్లి స్టూలు లాక్కుని ఎక్కి, నాన్న పేరున్న చెక్కకు మరలు విప్పడం మొదలుపెట్టాను. తుప్పు పట్టి కదలడం లేదు. రాయిస్ వెనకే వచ్చి, టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"వెల్డా, దిగు. నేను విప్పుతా," అన్నాడు.

"ముట్టుకోకు," అన్నాను.